బంటునిచ్చి కాలాన్ని కొన్న కెప్టెన్

చదరంగం మన దేశంలో పుట్టి, ఇరాన్ చేరి, అక్కడి నుండి అరబ్బుల చేతికి వెళ్లి షత్రంజ్ అయిన సంగతి మన పెద్దలకు తెలిసిందే. 9వ శతాబ్దంలో అల్ అద్లీ ఈ ఆటపై గ్రంథం వ్రాశాడు. ఆ తరువాత బాగ్దాదులో ఖలీఫా అల్ ముక్తఫీ దర్బారులో అస్సూలీ మేటి ఆటగాడని పేరు పొందాడు.

ఆ షత్రంజ్ నెమ్మది ఆట. ప్యాదా, అనగా బంటు, మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. వజీరు ఐమూలగా ఒక్క గడి కదిలేవాడు, అంతే. అందుచేత ఇరువురూ బలగాలను తీరిగ్గా సర్దుకున్నాకే పోరుకు దిగేవారు. ఆ సర్దుబాటునే తాబియా అనేవారు. యూరపులో మొదట బంటుకు రెండు గడుల నడక, 15వ శతాబ్దం చివర వజీరుకూ ఒంటెకూ దూరపు నడక వచ్చాయి. దానితో ఆట పరుగందుకుంది. ఎవరి బలగం ముందు బయటికొస్తే వారిదే పైచేయి. బంటును ఎరవేసి ఎత్తులు సంపాదించే పద్ధతి అలా బలపడింది. దానినే గాంబిట్ అంటారు.

వీటిలో పేరుమోసినది ఇవాన్స్ గాంబిట్. విలియం డేవిస్ ఇవాన్స్ వేల్స్ దేశపు ఓడ కెప్టెన్. 1824 ప్రాంతంలో ఆయన ఈ ఎత్తు కనిపెట్టాడు. మొదటి మూడు ఎత్తులలో ఇరువైపులా రాజు ముందరి బంటు, ఒక గుర్రం, ఒక ఒంటె బయటికి వస్తాయి. నాలుగో ఎత్తులో తెల్లపావులవారు వజీరు వైపు గుర్రానికి ముందున్న బంటును రెండు గడులు తోసి నల్ల ఒంటె నోటికందిస్తారు. ఒంటె దాన్ని తినగానే పక్క బంటు ఒక గడి జరిగి ఒంటెను బెదిరిస్తుంది. అది తప్పుకునే లోపల తెల్లపావులు నడిబల్లను పట్టుకుంటాయి. పోయింది బంటు, దక్కింది కాలం!

1852లో బెర్లిన్‌లో ఆండర్సన్ ఈ గాంబిట్‌తోనే డుఫ్రేన్‌ను ఓడించాడు. ఆ ఆటను నేటికీ ‘ఎవర్‌గ్రీన్’ అంటారు. 19వ శతాబ్దం చివర లాస్కర్, తిన్న బంటును సమయం చూసి తిరిగి ఇచ్చేసి దాడిని చల్లార్చే దారి చూపాడు. ఇక ఈ ఎత్తు పాతబడిందని అందరూ అనుకున్నారు. అయితే 1995లో రీగాలో కాస్పరోవ్ ఇదే ఎత్తు వేసి మన ఆనంద్‌ను 25 ఎత్తులలో ఓడించాడు.

ఇక్కడ మీర్ సుల్తాన్ ఖాన్‌ను తలచుకోక తప్పదు. పంజాబు పల్లెలో పుట్టిన ఈ ముస్లిం ఆటగాడు బంటు ఒక్క గడే నడిచే దేశవాళీ ఆటలో పెరిగాడు. అయినా 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకానే ఓడించాడు. ఆయన ప్రతిభకు కొదవ లేదు. కాని ఆరంభపు ఎత్తుల చదువు చిన్నతనంలో అందలేదు. అందువల్ల మొదట్లోనే వెనుకబడి, తరువాత ఆ లోటు పూడ్చుకోవడానికి ఎంతో శ్రమపడేవాడు. 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదునిచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి దాదాపు 58 ఏళ్లు!

తెలివి అల్లా ఇచ్చినదే. ఆరంభం మాత్రం పెద్దలు ఇవ్వవలసినది. పిల్లల చదువుకై తల్లిదండ్రులు వదులుకునే ప్రతి రూపాయీ అటువంటి బంటే. ఇవ్వడంతోనే పని తీరదు. దానితో దక్కిన కాలాన్ని పిల్లలు వృథా చేయకుండా చూడడం కూడా మన బాధ్యతేనని మా మనవి.