అభయం పొందిన పరదేశి, గూఢచారి అన్న అనుమానం

ఒక పరదేశి అభయం పొంది దేశంలో ప్రవేశించాడు. కొంతకాలానికి అతడు శత్రువుల గూఢచారి అన్న అనుమానం బయలుదేరింది. కాపలావారు పట్టుకొని కొట్టి, సంకెళ్ళు వేయగా అతడు నేరం ఒప్పుకున్నాడు. అతని వద్ద ఒక ఉత్తరం కూడా దొరికింది. ఇప్పుడు అతనిని ఏమి చేయాలి?

నిన్నటి దినపత్రికలో చదివినట్లు తోచే ఈ ప్రశ్నను హిజ్రీ రెండవ శతాబ్దంలోనే ఇమాం ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మలై) వేసుకున్నారు. ఆయన ఇమాం అబూ హనీఫా శిష్యులు. హిజ్రీ 189లో, అనగా క్రీ.శ. 805లో, పరమపదించారు. యుద్ధం, సంధి, పరదేశీయుల హక్కులు మొదలైన విషయాలపై ఆయన రచించిన 'సియరుల్ కబీర్'లో ఈ సమస్యకు ప్రత్యేకమైన చర్చ ఉంది.

ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. ఒడంబడిక లేని పరాయి రాజ్యం నుండి అభయం, అనగా 'అమాన్', పొంది వచ్చినవానిని ధర్మవేత్తలు 'ముస్తామిన్' అన్నారు. దీనికి మూలం దివ్యఖుర్ఆన్‌లోని తౌబా సూరా ఆరవ వాక్యం. బహుదైవారాధకులలో ఎవరైనా శరణు కోరితే శరణు ఇవ్వాలనీ, దైవవాక్యం విన్న తరువాత అతనిని అతని సురక్షిత స్థలానికి చేర్చాలనీ అందులో ఆజ్ఞ ఉంది. అతడు ఇస్లాం స్వీకరించాలన్న షరతు అందులో లేదు. ఈ అభయమిచ్చే అధికారం పాలకుని ఒక్కనిదే కాదన్నది మరింత గమనించదగిన సంగతి. మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, హజ్రత్ ఉమ్మె హానీ (రజి) తన అత్తవారి బంధువులకు అభయమిచ్చారు. ఆమె సోదరులు హజ్రత్ అలీ (రజి) వారిని చంపబోయారు. దైవప్రవక్త (స) ఆమె మాటనే నిలబెట్టారు.

అయితే ఆ ధర్మవేత్తలు రాజ్యరక్షణను మరచినవారని ఎవరూ అనుకోరాదు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం 'కితాబుల్ ఖరాజ్' రచించిన ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మలై) సరిహద్దు మార్గాలలో సాయుధమైన కాపలాలు పెట్టాలనీ, రాకపోకలు సాగించే వర్తకులను తనిఖీ చేయాలనీ, ఆయుధాలు దేశం దాటిపోనీయరాదనీ, వారి వద్దనున్న ఉత్తరాలు చదివి, రహస్యాలు ఉన్నచో ఆ మనిషిని పాలకుని వద్దకు పంపాలనీ చెప్పారు. అభయం కోరి వస్తున్నానన్నవాడు కాపలాను తప్పించుకొని పోతూ దొరికితే అతని మాట నమ్మరాదు. కాపలావారిని తప్పించుకోకుండా వచ్చినవాని మాట నమ్మాలి. మనిషి ఏ జాతివాడన్నది కాక, అతని నడత ఎటువంటిదన్నదే ఇక్కడ గీటురాయి.

ఇక షైబానీ ప్రశ్నకు వద్దాం. కొట్టడం వల్లగాని, సంకెళ్ళు, చెరసాల చూపి బెదిరించడం వల్లగాని వచ్చిన ఒప్పుదల అసలు ఒప్పుదలే కాదు. ఎందుకంటే అతడు నిర్బంధితుడు. స్వచ్ఛందంగా ఒప్పుకున్నా, లేక సాక్షులు నిరూపించినా తప్ప ఆరోపణ నిలవదు. మరి ఉత్తరం సంగతి? అది అతని చేవ్రాతలాగా కనిపించినా సరే, దాని ఆధారంగా అతని ప్రాణం తీయరాదు. అది కల్పితమైనది కావచ్చు, చేవ్రాతలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. నిజం తేలేవరకు పాలకుడు అతనిని ఖైదులో ఉంచవచ్చు. తేలకపోతే? విడిచిపెట్టి స్వదేశానికి పంపివేయాలి, ఆపైన ఒక్కరోజు కూడా దేశంలో ఉండనీయరాదు. అనుమానం బలపడిన మనిషిని ఉంచుకోనక్కరలేదు, నిరూపణ కాని మనిషిని శిక్షించే హక్కు లేదు.

నిరూపణ అయితే మాత్రం కఠినశిక్ష ఉంది. కాని గూఢచర్యం చేయరాదన్న షరతు అభయమిచ్చేటప్పుడే స్పష్టంగా పెట్టి ఉండకపోతే, నేరం రుజువైనా అభయం దానంతటదే రద్దుకాదని షైబానీ అభిప్రాయం. గూఢచారి విషయంలో అబూ యూసుఫ్ ఇంతకంటే కఠినంగా ఉన్నారు. ఒకే గురువు శిష్యులిద్దరూ ఇక్కడ వేరుదారులు పట్టారు.

ఈ చట్టం ఈనాటి అర్థంలో సమానత్వాన్ని ఇచ్చిందని నేను అనడం లేదు. అభయం లేక పట్టుబడినవాని గతి దయనీయంగానే ఉండేది, బానిసత్వం కూడా ఉండేది. సంవత్సరం దాటి ఉండదలచినవాడు జిజ్యా చెల్లించే ప్రజగా మారవలసి వచ్చేది. ఆ కాలపు లోకం అటువంటిది. మన రచయితలు కొందరు ఈ భాగం దాటవేసి వ్రాస్తారు, అది సరికాదు.

గ్రంథంలో వ్రాయడం ఒక ఎత్తు, పాలకుని ఎదుట నిలబడడం మరొక ఎత్తు. దైలంలో తిరుగుబాటు చేసిన యహ్యా బిన్ అబ్దుల్లా క్రీ.శ. 792లో ఖలీఫా ఇచ్చిన వ్రాతపూర్వకమైన అభయం నమ్మి లొంగిపోయాడు. తరువాత హారూన్ రషీద్ మనసు మారింది. ఆ పత్రం చెల్లదనిపించుకొనుటకు ధర్మవేత్తలను పిలిపించాడు. ఖలీఫా మనసు తెలిసి కూడా షైబానీ అది చెల్లుతుందనే చెప్పి ఆగ్రహానికి గురయ్యారు. మరొక ఖాజీ అది చెల్లదన్నాడు. యహ్యా ఖైదులోనే మరణించాడు. అతడు పరదేశి కాడు, నిజమే. కాని పాలకుడు ఇచ్చిన మాటను భయం పేరుతో త్రోసివేయవచ్చునా అన్న ప్రశ్న అదే.

రెండు శతాబ్దాలు దాటిన తరువాత షైబానీ గ్రంథానికి వ్యాఖ్య చెప్పిన ఇమాం సరఖ్సీ (రహ్మలై) ఆ పని మొదలుపెట్టింది ఊజ్‌కంద్ చెరసాలలో. పాలకునికి నచ్చని మాట చెప్పినందుకు ఆయన ఏండ్ల తరబడి బందీగా ఉన్నారు. విడుదలైన పిదప ఫర్గానా ప్రాంతంలో దానిని పూర్తిచేశారు. భయపెట్టి రాబట్టిన ఒప్పుదల చెల్లదన్న మాటను ఆయన ఆ వ్యాఖ్యలోనే వివరించారు.

ఆ వ్యాఖ్యను నాలుగు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదే. దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1335-36లో, అనగా 1916-17 ప్రాంతంలో, దానిని ప్రకటించింది. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో ఉన్న జర్మన్, ఆస్ట్రియన్ పౌరులను అహమద్‌నగర్ శిబిరంలో నిర్బంధించింది. వారు శత్రుదేశంలో పుట్టడం తప్ప మరొక నేరం చాలామందిపై లేదు. శత్రుదేశస్థుడైనా అభయం పొంది వచ్చినవాడు సురక్షితుడే అని చెప్పే గ్రంథం అదే సమయంలో ఇక్కడ అచ్చవుతున్నది.

1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత ఈ ప్రశ్న హైదరాబాదు గడపకే వచ్చింది. నిజాం సేనలలో తరతరాలుగా కొలువు చేసిన అరబ్బులు, పఠానులు అనేకులు నిర్బంధంలోకి వెళ్ళారు, కొందరిని దేశం దాటించారు. రజాకార్ల దౌర్జన్యాలు చవిచూచిన ప్రజల భయం అబద్ధం కాదు. ఆయుధం పట్టి నేరం చేసినవానిని విచారించవలసిందే. కాని తాత హద్రమౌత్ నుండి వచ్చాడన్న కారణంగా, ఇక్కడే పుట్టి, ఇక్కడి పిల్లనే పెళ్ళాడి, ఇక్కడి భాషే మాట్లాడేవానిని పరదేశి అనవచ్చునా? ఒక్కొక్కరి నడతను వేరువేరుగా విచారించడానికి మారుగా అనుమానం మొత్తం సమూహాన్ని చుట్టుకున్నది.

అదే 1948లో హైదరాబాదు తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన ప్రతినిధి బృందంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉన్నారు. ఆయన తిరిగి రాలేదు. ఏ దేశపు పౌరసత్వమూ స్వీకరించకుండా దశాబ్దాల తరబడి పారిస్‌లో పరదేశిగానే గడిపారు. హైదరాబాదులో అచ్చయిన ఆ సరఖ్సీ వ్యాఖ్యను అక్కడ ఉండగానే ఫ్రెంచి భాషలోకి అనువదించారు. 2002లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఆయన కన్నుమూశారు.