నిలువుకోత రంపము - బలనిర్ణయము

రంపమునకు అమరకోశము క్రకచమని పేరు చెప్పుచున్నది. ‘క్ర’ యని ధ్వని చేయునది గనుక ఆ పేరు వచ్చినదని పెద్దలందురు. మయబ్రహ్మ సంతతివారమని చెప్పుకొను మన వడ్రంగులకు ఆ ధ్వనియే తరతరములుగా జీవనాధారము.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తియు మిరపయు ఎడ్లబండ్లపై అంగడికి పోవుచుండిన కాలమున, ఆ బండ్లకు వలయు కొయ్యను మనవారే కోసిరి. నల్లతుమ్మ మొద్దును ఎత్తున నిలిపి, ఒకడు పైనను ఒకడు క్రిందను నిలిచి పెద్దరంపమును లాగుచుండిరి. మొద్దు లావైనకొలది ఒకేసారి కొయ్యలో దిగు పండ్లు హెచ్చును. ప్రతి పన్నును మోయవలసిన పొట్టు హెచ్చును. కావున బలమును హెచ్చవలెను. ఈ న్యాయమును మనవారు భుజములతో నేర్చిరి.

ఆ భుజబలమునకు బదులు యంత్రమును నిలుపు యత్నము ఐరోపాలో సాగినది. చక్రములపై తిరుగు పట్టీరంపమునకు, అనగా బ్యాండుసాకు, పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున విలియం న్యూబెరీ ఇంగ్లండున పేటెంటు పొందెను. కాని పట్టీ నిలువక తెగిపోవుచుండుటచే దాదాపు నలువది యేండ్లు అది పనికి రాలేదు. 1846లో ఆన్ పోలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి వనిత పట్టీని అతుకు విధానమునకు పేటెంటు కోరెను. పారిసు నగరపు పెరిన్ కంపెనీ ఆ హక్కును కొనెను. పిదపనే యంత్రము వాడుకలోనికి వచ్చినది.

మన పల్లెలకు విద్యుత్తు వచ్చిన పిమ్మట కోతపని అడితులకును కోతమిల్లులకును పోయెను. ట్రాక్టరు వచ్చి బండిపనియు సన్నగిల్లెను. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున వడ్రంగికి రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు 5 శాతము వడ్డీకి అప్పు నేర్పరచిరి. దానితో యంత్రము కొనదలచిన యువకులు కొన్ని సంగతులు గమనింపవలెను. చాలని యంత్రము కొన్నచో అది మూల పడును. అప్పు మాత్రము మిగులును.

యంత్రములో ఎంత యెత్తు దిమ్మ పట్టునో అంత యెత్తును కోయగలదని నమ్మరాదు. ఒక అశ్వబలము 746 వాట్లు. అంతటి మోటారు పలుచని పలకలకును వంపుకోతలకును చాలును. ఎనిమిది అంగుళముల తుమ్మ దిమ్మను దినమంతయు నిలువున చీల్చుటకు మూడు అశ్వబలములకు తగ్గనిది మేలు. కోత యెత్తు రెట్టింపైనచో, అదే వేగమునకు బలమును ఇంచుమించు రెట్టింపు కావలెను. లావు కొయ్యకు అంగుళమునకు రెండు మూడు పండ్లుండిన పట్టీ తగును. పండ్లు దట్టమైనచో పొట్టు నిలిచి పట్టీ వేడెక్కును. పట్టీ మందము చక్రపు వ్యాసములో వేయవ వంతుకు మించరాదని పనివారి నియమము. ఇంటికి త్రీ ఫేజు విద్యుత్తు కలదో లేదో, అటవీశాఖ నియమము లేమో ముందుగా విచారింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మన తుమ్మ దిమ్మనే దుకాణమునకు గొనిపోయి, కోయించి చూచి, పిదప సొమ్ము చెల్లింపవలెను.

ఒక్కరికి శక్తి చాలనిచో రెండు మూడు కుటుంబములు కలిసి ఒక మంచి యంత్రమును కొనుట యుక్తమని మా యభిప్రాయము. సంఘ పెద్దలు ఈ మహాసభలో దీని నాలోచింతురు గాక.