కాడి కట్టాక రూలు మారితే

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో మా ఓర్వకల్లు రాళ్ళను చూసినవాళ్ళకు ఈ సీమలో బండలాగుడు పందేలు ఎందుకింత ముద్దో వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న వస్తువుతోనే కదా ఆట! తిరునాళ్ళకో, ఉగాదికో ఇంత బరువని ఒక రాతిబండ పెట్టి, ఇన్ని నిమిషాలని గడువిచ్చి, గిత్తల జత ఎన్నడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. కొత్తవాళ్ళు బండను చూస్తారు. తెలిసినవాళ్ళు ముందు గిత్త నోరు చూస్తారు.

ఎందుకంటే తరగతిని తేల్చేది పళ్ళు. పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు; ఆపైన పెద్ద ఎద్దులు. తరగతిని బట్టి బండ. ఇందులో ఒక తిరకాసుంది. పాలపళ్ళ పందేనికని ఉలవలు పెట్టి సాకిన కోడె సరిగ్గా పందేల కాలంలో పన్ను రాల్చిందనుకోండి, ఆ రైతు లెక్కంతా తారుమారు. అయినా ఎవరితో పోట్లాడతాడు? పన్ను ఊడటం ఎవరి చేతిలోనూ లేదు, రూలు మొదటినుంచీ అదే. మనుషులే నడిమధ్యలో రూలు మారిస్తే మాత్రం కడుపు మండుతుంది.

అలాంటి కథలు అమెరికా కార్ల పందేల్లో బోలెడు. అక్కడ బిల్ ఫ్రాన్స్ అనే ఆయన నడిపిన నాస్కార్ అనే సంస్థ 1948లో మొదలైంది. అది పెట్టేవి స్టాక్ కార్ల పందేలు, అంటే అంగట్లో అమ్మే కార్లతో ఆడేవి. పేరుకు అలాగే మొదలైంది లెండి!

1957లో షెవర్లే వాళ్ళు ఇంజనుకు పెట్రోలును సూదిమందులా ఎక్కించే ఏర్పాటుతో వచ్చారు. ఫోర్డు వాళ్ళు గాలిని బలవంతాన లోపలికి తోసే సూపర్‌చార్జర్ తెచ్చారు. రెండూ జనానికి అమ్ముతున్నవే. కొన్ని పందేలు జరిగిపోయాక, ఏప్రిల్లో, రెండూ పనికిరావన్నారు. అందరికీ ఒకే ఒక్క కార్బురేటర్! ఇద్దరికీ సమంగానే తగిలింది కదా అనొచ్చు. కాగితం మీద సమమే. కంపెనీకి అదొక లెక్కా? పాత రూలును నమ్మి, సొంత డబ్బు పోసి కారు తయారు చేసుకున్న చిన్నవాడి సంగతి చెప్పండి.

ఇంతకంటె నాకు మింగుడుపడనిది 1965 నాటిది. అంతకుముందు ఏడు క్రైస్లర్ వాళ్ళ హెమీ ఇంజనుతో రిచర్డ్ పెటీ డేటోనా పందెం కొట్టాడు. అక్టోబరులోనే, వచ్చే ఏడు ఆ ఇంజను కుదరదని చెప్పేశారు. ముందుగా చెప్పారు, బాగానే ఉంది. క్రైస్లర్ అలిగి తప్పుకుంది. పెటీ వేరేరకం పందేలకు పోయాడు. అసలు హీరో లేకపోతే చూసేవాళ్ళు తగ్గరూ? ఏడాది మధ్యలో షరతులతో హెమీని మళ్ళీ రానిచ్చారు. ఆ ఏడు 55 పందేల్లో ఫోర్డు కార్లు 48 గెలిచాయి గనక ఎవరూ ఫోర్డును చూసి జాలిపడలేదు. కానీ ఖాళీ బెంచీలను చూసి రూలు సడలించటం నాకు న్యాయంగా తోచదు.

మరి నడిమధ్యలో రూలు ముట్టుకోనే కూడదా? 1987 మే నెలలో టాలడేగాలో బాబీ ఆలిసన్ కారు గాలిలోకి లేచి, జనం ముందున్న కంచెను చీల్చింది. కొందరు గాయపడ్డారు. ఆ పందేనికే బిల్ ఇలియట్ తన ఫోర్డును గంటకు 342 కిలోమీటర్లు పరుగెత్తించి ముందు వరసలో నిలిచి ఉన్నాడు. ఇక ఏడాది చివరిదాకా ఆగుదామంటే కుదురుతుందా? మిగిలిన ఆ ఏడంతా డేటోనా, టాలడేగా రెండుచోట్లే చిన్న కార్బురేటర్ పెట్టమన్నారు. మరుసటి ఏటినుంచి కార్బురేటర్ కింద చిల్లుల రేకు బిగించి, ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు, ఇంజను పీల్చే గాలినే తగ్గించారు. ఇలియట్‌కు నష్టమే. అయినా ఆ మార్పుకు నేను అడ్డు చెప్పను. ప్రమాదం ఉన్న రెండుచోట్లకే దాన్ని పరిమితం చేశారు, కారణం అందరి కళ్ళముందూ ఉంది.

అన్నట్టు, ఆ మే పందెం గెలిచింది బాబీ కొడుకు డేవీ. చిన్న కార్బురేటర్‌తో డేటోనాలో జూలై 4న జరిగిన పందెం గెలిచిందెవరనుకున్నారు? బాబీ ఆలిసనే. అదే నెలలో టాలడేగాలో ఇలియట్ గెలిచాడు.