డాలుపై లాంఛనము

ఉత్తర గోగ్రహణ ఘట్టమున అర్జునుడు కౌరవసేనను ఉత్తరునకు చూపుచు, ధ్వజములను బట్టి ఒక్కొక్క వీరుని గుర్తించి చెప్పుట తిక్కన భారతము చదివినవారికెల్ల పరిచితమే. తాళధ్వజము భీష్మునిది, సర్పధ్వజము సుయోధనునిది. దూరమునుండి చూచువానికి ముఖము కనబడదు, గురుతు కనబడును. ఎవడు నిలిచి పోరెనో, ఎవడు వెనుదీసెనో ఆ గురుతే లోకమునకు తెలుపును. ఇట్టి అవసరమే పడమటి దేశములలో వేరొక రీతిగా పెరిగి, శాస్త్రమై, తుదకు సామాన్యజనుల వినోదమై నేటికిని బ్రతికియున్నది. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము.

ఐరోపాలో పండ్రెండవ శతాబ్దినాటి ఆశ్వికవీరులను నైట్లు అందురు. వారి డాళ్ళపై చిత్రించుకొన్న చిహ్నములు ఆ శతాబ్ది మధ్యభాగమునుండి వంశపారంపర్య లాంఛనములుగా స్థిరపడజొచ్చినవి. ఫ్రాన్సులోని ఆంజూ ప్రభువు జెఫ్రీ 1151లో మరణించెను. అతని సమాధికై చేయించిన మీనాపని ఫలకము లెమాన్ పట్టణమున కలదు. అందు అతని నీలి డాలుపై బంగారు సింహములు కనబడును. ఇంగ్లండులోని సాల్స్‌బరీ దేవాలయమున అతని మనుమని సమాధి శిల్పమునందును ఆ సింహములే కలవు. తాతగారి గురుతు మనుమనికి ఆస్తివలె సంక్రమించినదన్నమాట.

ఈ శాస్త్రమున మూలసూత్రము మిక్కిలి సులభము. బంగారు, వెండి వన్నెలను లోహములుగను, ఎరుపు, నీలము, నలుపు, ఆకుపచ్చ, ఊదా వన్నెలను రంగులుగను విభజించిరి. లోహముపై లోహమును, రంగుపై రంగును ఉంచరాదు. నల్లపలకపై సుద్దతో వ్రాసిన అక్షరమువలె చిహ్నము దూరమునకు స్ఫుటముగా తోపవలెనని దీని ఆశయము. ఇక రెండవ సూత్రము: ఒకరి లాంఛనము మరియొకరు ధరింపరాదు.

ఆ రెండవ సూత్రము ఎంత గట్టిదో తెలుపు వ్యాజ్యమొకటి చరిత్రలో ప్రసిద్ధము. 1385లో ఇంగ్లండు రాజగు రెండవ రిచర్డు స్కాట్లండుపై దండు వెడలెను. ఆ సేనలో సర్ రిచర్డు స్క్రోపు, సర్ రాబర్టు గ్రోవెనరు అను ఇరువురి డాళ్ళపై ఒకే లాంఛనము కనబడెను: నీలి నేలపై ఏటవాలుగా ఒక బంగారు పట్టె. వివాదము అయిదేండ్లు సాగెను. వందలకొలది సాక్షులలో కవి జెఫ్రీ చాసరు ఒకడు. లండనులో ఫ్రైడే వీధిని నడచుచు, ఒక బసకు ఆ లాంఛనము వ్రేలాడుట చూచి, ఇది స్క్రోపులదా యని అడిగితిననియు, కాదు, గ్రోవెనరుదని బదులు వచ్చెననియు, ఆ పేరు వినుట తనకు అదే మొదలనియు 1386లో ఆయన వాఙ్మూలమిచ్చెను. ఇతర సాక్షులు పెక్కురు ఫలానా యుద్ధమున ఈ గురుతును స్క్రోపులయొద్ద చూచితిమని చెప్పిరి. 1390లో రాజు స్క్రోపు పక్షముననే తీర్పు చెప్పెను. వాదులాడినది వట్టి రంగుపట్టెకై కాదు. ఆ పట్టెతో ముడివడిన ప్రవర్తనకై.

తరువాత తుపాకులు వచ్చినవి, పదునేడవ శతాబ్దినాటికి శస్త్రక్రీడలు అడుగంటినవి. 1819లో వాల్టరు స్కాటు వ్రాసిన ఐవన్‌హో నవల ఆ పాతకాలముపై మోజును మరల రేపెను. 1838లో విక్టోరియా రాణి పట్టాభిషేకమున ప్రాచీన వేడుకలను కుదించినందుకు ప్రభువర్గమున కొందరు నొచ్చుకొనిరి. మరుసటియేడు ఆగస్టులో ఎగ్లింటన్ ప్రభువు స్కాట్లండులోని తన కోటకడ మధ్యయుగపు శస్త్రక్రీడను జరిపించెను. పోరిన వీరులు హంస నైటు మొదలగు బిరుదులు పూనిన ప్రభువంశీయులు. లక్షమంది వరకు వచ్చిరని చెప్పు సామాన్యజనము చూపరులు. మొదటినాడే కుంభవృష్టి కురిసెను. కవచధారులు బురదలో దిగబడిరి. క్రీడాధిపతియగు లండండెరీ ప్రభువు గొడుగు విప్పెను. పత్రికలు నవ్వుకొనినవి. ఆ ఉత్సవము మరల జరుగలేదు.

దానికి వేరైన ప్రయత్నము 1966 మే 1వ తేదీన కాలిఫోర్నియాలోని బర్క్లీ పట్టణమున ఒక ఇంటి పెరటిలో మొదలయ్యెను. కొందరు మిత్రులు మధ్యయుగ వేషములు ధరించి శస్త్రక్రీడ సాగించిరి. ఆ వేడుకయే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజం అను సంఘముగా పెరిగి, నేడు పలుఖండములందు శాఖలు కలిగియున్నది. అచ్చట చూపరులుండరు. వచ్చిన ప్రతివాడును వేషము ధరింపవలసినదే. ప్రతివాడును పాత చరిత్రకు తగిన పేరొకటి పెట్టుకొని, తన లాంఛనమును తానే కల్పించుకొనవచ్చును. వంశవృక్షము ఎవరును అడుగరు.

అయితే స్వేచ్ఛ ఇచ్చటితో ఆగును. ఆ పేరునకు చారిత్రకాధారము చూపవలెను. చిత్రము వన్నెల నియమమునకు లోబడవలెను. అది మునుపు నమోదైనదానిని పోలరాదు. లోకప్రసిద్ధములగు దేశములయు వంశములయు గురుతులను అనుకరింపరాదు. సంఘపు లాంఛనాధికారులు, వేతనము లేక పనిచేయువారు, నెలనెలా వచ్చు అర్జీలను పరిశీలించి, అంగీకారమును గాని తిరస్కారమును గాని కారణసహితముగా ప్రకటింతురు. స్క్రోపు గ్రోవెనరుల తగవు రాకముందే తీర్చు పద్ధతి ఇది.

పూర్వులెవరో సంపాదించిన గౌరవమును గుడ్డపై గీసికొనుట బాలక్రీడ కాదా యని కొందరు ఆక్షేపింతురు. ఎగ్లింటన్‌నాటి వేడుకకు ఆ ఆక్షేపణ చెల్లును. అచ్చట పునరుద్ధరించినది ఆడంబరము, పుట్టుకతో వచ్చిన పెద్దరికము. బర్క్లీవారు పునరుద్ధరించినది నియమము. వారి కత్తులు పేముబెత్తములే. దెబ్బ గట్టిగా తగిలినదని ఒప్పుకొనవలసినవాడు దెబ్బ తిన్నవాడే. ముఖము శిరస్త్రాణమున దాగియుండును. డాలుపై లాంఛనము మాత్రము అందరికిని కనబడుచుండును. బుకాయించినచో మచ్చపడునది ఆ లాంఛనమే.

పెరిటివేడుక అరువదేండ్లు నిలిచి, ప్రభువుల ఉత్సవము వానకు కొట్టుకొనిపోవుటకు కారణము ఇందే కలదని నాకు తోచును. లాంఛనము తాతలనుండి రావచ్చును, నిన్ననే గీసికొన్నదియు కావచ్చును. దానిని మోయువాని నడవడియే దానికి విలువ.