డీసీఎం మిగిలింది, ఆల్విన్ పోయింది

ముందుగా ఒక చిన్న క్విజ్. తెలంగాణలో పేపర్ తిరగేస్తే ఎక్కడో ఒకచోట "డీసీఎం బోల్తా" అని వార్త కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేయాలన్నా, గణేష్ నిమజ్జనానికన్నా, పెళ్ళి సామాను తేవాలన్నా డీసీఎం మాట్లాడుకుంటాం. ఇంతకీ డీసీఎం అంటే ఏంటి?

మా టీంలో అడిగితే ఒకడు డీజిల్ ఏదో అన్నాడు. ఇంకొకడు డిప్యూటీ చీఫ్ మినిస్టర్ అన్నాడు. అసలు సమాధానం ఢిల్లీ క్లాత్ మిల్స్! అవును, బట్టల మిల్లే. ఆ కంపెనీ 1980ల్లో టొయోటాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో చిన్న లారీలు చేసింది. 1990ల్లో అది కాస్తా దేవూ చేతికి పోయింది, తర్వాత దేవూ కూడా పోయింది. పేరు మాత్రం మన దగ్గర నిలబడిపోయింది. ఇప్పుడు రోడ్డు మీద ఐషర్ పోతున్నా మనకది డీసీఎమ్మే.

ఈ సంగతి నేనూ ఈమధ్యే తెలుసుకున్నాను. దానికి కారణం మా బావ.

మా బావది సిద్దిపేట. పాత బండ్ల పిచ్చి. రెండేళ్ళ కింద ఫోన్ చేసి, "ఒక షెడ్డు వెనక పాత డీసీఎం పడి ఉంది, తూకం కింద ఇచ్చేస్తానంటున్నారు, చెరి సగం వేసుకుందామా" అన్నాడు. నేను సరేనన్నా. ఐటీ వాళ్ళం కదా, శని ఆదివారాలు ఏదో ఒకటి పాడు చేయకపోతే తోచదు. తీరా పోయి ముందు భాగం మీద మట్టీ, మూడు పొరల పెయింటూ గీకితే బయటపడ్డ అక్షరాలు డీసీఎం కాదు. ఆల్విన్ నిస్సాన్.

ఆల్విన్ అనగానే మీలో చాలామందికి మియాపూర్ ఆల్విన్ క్రాస్‌రోడ్స్ గుర్తొస్తుంది. అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు ఎక్కడిదో తెలుసో మరి. 1942లో నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ కంపెనీ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు, పుష్పక్ స్కూటర్లు, ఒక తరానికి ఇంట్లో కనిపించే వస్తువులన్నీ చేసింది. 1980ల్లో కేంద్రం చిన్న లారీలకు విదేశీ భాగస్వామ్యాన్ని అనుమతించినప్పుడు నాలుగు జపాన్ కంపెనీలు మన దేశంలోకి వచ్చాయి. టొయోటా డీసీఎంతో, మజ్దా పంజాబ్‌లో స్వరాజ్‌తో, మిత్సుబిషి పీతంపూర్‌లో ఐషర్‌తో. నాలుగోదైన నిస్సాన్ వచ్చింది మన ఆల్విన్ దగ్గరికి. ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో, బండి పేరు క్యాబ్‌స్టార్.

జహీరాబాద్ అప్పుడు మెదక్ జిల్లా. సిద్దిపేట కూడా 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లా అయ్యేదాకా మెదక్ జిల్లానే. అంటే సొంత జిల్లాలో తయారైన బండిని మేమందరం ఎక్కడో సూరజ్‌పూర్ బండి పేరుతో పిలుస్తున్నామన్నమాట.

మరి ఆల్విన్ ఎందుకు నిలబడలేదు? ఇంజనీర్లు చేతకానివాళ్ళనుకుంటే పొరపాటు. ఈ కంపెనీలన్నీ మొదట్లో జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించుకుని ఇక్కడ బిగించేవి. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని ఒప్పుకున్నారు. అప్పటికి డాలరుకి 240 యెన్ల దగ్గరుంటే, 1988 మొదలయ్యేసరికి 130 లోపుకి వచ్చింది. జపాన్ సామాను ఖరీదు ఆ లెక్కన పెరిగింది. సరిగ్గా ఆ మధ్యలో, 1986లో టాటా వాళ్ళు 407 దింపారు. అది ఇక్కడి సామానుతో చేసిన బండి. ధర తక్కువ, ఏ ఊళ్ళోనైనా రిపేర్ అయ్యేది. మన భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీలన్నీ బయటివాడి చేతిలో పెట్టుకుని ప్రాజెక్ట్ మొదలుపెట్టాక, వాడు లైసెన్స్ ఫీజు దాదాపు రెట్టింపు చేసినట్టు. 1980ల చివర్లో జహీరాబాద్ యూనిట్‌ని మహీంద్రా తీసుకుంది. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

సరే, మా బండి సంగతికొస్తే.

మొదటి నెల మంచి హుషారు. తుప్పు గీకాం, టైర్లు తీసేశాం. రెండో నెల ఇంజను జామ్ అయిందని తెలిసింది. సిలిండర్లలో డీజిల్ పోసి పదిరోజులు నానబెడితే కదిలింది, ఆరోజు పార్టీ చేసుకున్నాం. తర్వాత అసలు దెబ్బ. పాతకాలం మేస్త్రి ఒకాయన్ని పట్టుకొస్తే, బానెట్ కింద ఒక్క చూపు చూసి నవ్వాడు.

"తమ్మీ, ఇది నిస్సాన్ ఇంజన్ గాదు. ఎవరో మార్చిండ్రు. గేర్‌బాక్స్ గూడ వేరేదే. బండి దొరుకుడు అల్కగనే, సామాన్ దొరుకుడే కష్టం. అందుకే అందరూ మార్చుకున్నరు."

మా బావ రెండు వారాలు షెడ్డు వైపు పోలేదు. ఒరిజినల్ కాదని తేలాక ఎందుకీ కష్టం అని.

నాక్కూడా అలాగే అనిపించింది. వింటేజ్ వాహనాల రూల్స్ చూస్తే ఇంకా నీరసం వచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి యాభై ఏళ్ళు నిండాలి, అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మొదటి క్యాబ్‌స్టార్లకి యాభై నిండేది 2030ల్లో. అప్పటిదాకా ఒక సరుకు బండి ఏ మార్పూ లేకుండా బతికుండాలట!

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. దాన్ని చక్కగా బాగుచేసి పెట్టారు, చూడాల్సిందే. కానీ అది ఉత్సవాలకి మాత్రమే బయటికి తీసిన బండి. తక్కువ తిరిగింది కాబట్టి అసలు రూపం మిగిలింది. రోజూ టమాటాలు, ఎరువులు మోసిన బండికి ఆ అదృష్టం ఎక్కడిది? ఇంజను పోతే దొరికిన ఇంజను పెట్టారు, ఎందుకంటే తెల్లారితే మార్కెట్‌కి పోవాలి. అంటే ఎంత ఎక్కువ పనికొస్తే చరిత్రలో అంత తక్కువ మిగులుతుందన్నమాట.

అందుకే ఇద్దరం కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాం. కొత్త బండిలా చేయాలన్న ఆలోచన మానేశాం. ఆ పరాయి ఇంజన్ని అలాగే ఉంచుతున్నాం. యెన్ పెరగడం, సామాను దొరక్కపోవడం, ఎవరో రైతో డ్రైవరో దాన్ని ఎలాగోలా నడిపించుకోవడం, ఈ కథంతా ఆ అతుకులోనే ఉంది. దాన్ని పీకేస్తే మిగిలేది షోరూమ్ ఫొటో.

ప్రస్తుతానికి ఇంజను స్టార్ట్ అవుతుంది, బ్రేకులు లేవు. మాస్టర్ సిలిండర్ కోసం వెతుకుతున్నాం.

అన్నట్టు, మీ నాన్నగారో పెదనాన్నో జహీరాబాద్ ఆల్విన్‌లో పనిచేసి ఉంటే, అటక మీద పాత మాన్యువలో, పార్ట్స్ బుక్కో, ఫ్యాక్టరీ గేటు ముందు దిగిన ఫొటోనో ఉండొచ్చు. దసరాకి ఇల్లు దులిపేటప్పుడు పాత పేపర్లలో కలిపి అమ్మేయకుండా ఒక్కసారి చూడండి.