పశువుల తాతయ్య పద్దు పుస్తకం

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక మా మావయ్య ఫోన్ చేశాడు. "పాత పెంకుటిల్లు విప్పించేస్తున్నామే. అటక మీది సామానంతా దింపాం. నీకేమైనా కావాలంటే వచ్చి చూసుకో" అన్నాడు. నేను వెళ్ళేసరికే ఇత్తడి గుండిగలూ, కంచు చెంబులూ, పందిరిమంచం కోళ్ళూ ఎవరి వాటా వాళ్ళు తీసేసుకున్నారు. మూలన ఒక గోనెసంచిలో తాతయ్య పద్దు పుస్తకాలు మిగిలాయి. వాటిని ఎవరూ అడగలేదు. నేను తెచ్చుకున్నాను.

మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, కొల్లేటి ఒడ్డు పల్లెలో పుట్టి, అక్కడే తొంభై ఆరేళ్ళు బతికి, 2006లో పోయాడు. 1925లో కృష్ణా జిల్లా నుంచి విడదీసి పశ్చిమ గోదావరి జిల్లా చేసినప్పటికి ఆయన పదిహేనేళ్ళ కుర్రాడట. ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి అడిగితే తెలిసేవాళ్ళు తక్కువ. "పశువుల తాతయ్యగారిల్లు" అంటే మాత్రం చంటిపిల్లాడు కూడా వేలు పెట్టి చూపించేవాడు.

ఆ పుస్తకాల్లో ఏముంటుందనుకున్నారు? వడ్డీలూ, శిస్తులూ ఉంటాయనుకున్నాను నేను. అవీ ఉన్నాయి. కాని ఎక్కువగా ఉన్నవి ఇలాంటి పద్దులు: "మాఘ బహుళ పంచమి. ఎర్రావు ఈనింది. పెయ్య." దాని కిందే, "పెద్దమ్మాయికి మగపిల్లాడు. ఇద్దరూ కులాసా." మరో చోట, "బుల్లిగేదె చూడి నిలవలేదు." దాని కింద, "చిన్నాడికి జ్వరం తగ్గింది." పశువులకో పుస్తకం, పిల్లలకో పుస్తకం అని లేదు. అందరూ ఒకే పద్దులో ఉన్నారు. మా అమ్మ పుట్టిన రోజు మాకెవరికీ సరిగ్గా తెలియదు. మచ్చలావు మూడో ఈత నాడు పుట్టిందని ఇప్పుడు తెలిసింది.

అసలు డెల్టాలో పశువుల్ని సాకడం మనం అనుకున్నంత తేలిక కాదండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఇటు గోదావరి కాలవా, అటు కృష్ణా కాలవా వచ్చి ఏలూరులో కలిశాయి. కరువుతో మాడిన సీమ అన్నపూర్ణ అయింది. కాటన్ దొరకి మన రైతులు ఈనాటికీ దండలు వేస్తారు, వెయ్యాలి కూడా. అయితే నీళ్ళొచ్చిన చోటల్లా బీడు కాస్తా పొలమైంది. మనుషులకి అన్నం దొరికింది, గొడ్డుకి మేతబీడు పోయింది. ఊడ్పులయ్యాయంటే గొడ్డు నిలబడడానికి గట్టు తప్ప చోటుండేది కాదు. అందుకే తొలకరి కాగానే చాలామంది వట్టిపోయిన పశువుల్ని మెట్టకీ, మన్యం అంచులకీ తోలేసేవారు. కోతలయ్యాక మళ్ళీ తోలుకొచ్చి, చేలల్లో చల్లిన జనుమూ పిల్లిపెసరా మేపుకొనేవారు.

మా ఊరివాళ్ళకి ఇంకో ఆసరా కొల్లేరు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన వరదనంతా కడుపులో దాచుకుని, ఉప్పుటేరు దారిన మెల్లిగా సముద్రానికి వదిలే సరస్సు అది. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. నీరు తీసిన మేరా పచ్చిగడ్డి లేస్తుంది. లోకమంతా ఎండిపోయిన వైశాఖంలో మా ఊరి పశువులు కిక్కిస దుబ్బుల పక్కన కడుపునిండా మేసేవి. ఆ అంచునే తాతయ్యకి ఆరెకరాల పట్టా బీడు ఉండేది. వరి వేసుకోమని ఎందరు చెప్పినా వెయ్యలేదు. "అది పశువుల వాటా" అనేవాడు.

ఆయన గొప్ప ఇంతా అంతా అని చెప్పను. రాత్రి ఏ జాములో ఎవరి గేదె ఈనలేక అవస్థ పడుతున్నా లాంతరు పట్టుకుని వెళ్ళేవాడు. దూడ అడ్డం తిరిగితే చేతికి ఆముదం రాసుకుని సరిచేసేవాడు. గాలికుంటు వచ్చిన ఏడు తన మంద బాగానే ఉన్నా, ఊరి చావిళ్ళన్నీ తిరిగి పుళ్ళు కడిగి వచ్చి, కాలవలో స్నానం చేసి గాని ఇంట్లో అడుగు పెట్టేవాడు కాదు. ఎద్దులు లేని వాళ్ళకి తన అరక ఇచ్చి, ఆ పూట తను గట్టు మీద కూర్చునేవాడు. కనుమ నాడు మా పిల్లలకి కొత్తబట్టల కన్నా ముందు ఎడ్ల కొమ్ములకి రంగు పడేది. మేం అలిగితే, "అవి అడగలేవు కదే" అనేవాడు.

కాని తాతయ్య పేరు వెనకాల అమ్మమ్మ చేతులున్నాయి. దాని సంగతి పద్దుల్లో ఒక్క ముక్క లేదు. కోడి కూయకముందు లేచి చావిట్లో పేడ తియ్యడం, కుడితి గోలెంలో తవుడూ తెలకపిండీ కలపడం, పాలు పితకడం, దాలిలో కుండ పెట్టి మీగడ కట్టించడం, కవ్వం తాడు లాగడం, ఇవన్నీ ఆవిడ చేసినవి. "నెయ్యి, ఏలూరు" అని ఒక అంకె వేసి ఉంటుంది. ఆ అంకె వెనక ఆవిడ అరచేతుల కాయలు ఉన్నాయి. మా పిన్ని పెళ్ళికి గొలుసు ఆ నేతి డబ్బుతోనే చేయించారు. మీ పుట్టిళ్ళలోనూ ఇంతేనేమో, ఒకసారి తలచుకోండి.

1977 నవంబరు 19 రాత్రి నాకు బాగా జ్ఞాపకం. మా నాన్న పోయాక అమ్మా నేనూ అక్కడే ఉండేవాళ్ళం. దివిసీమలో ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్న రాత్రి అది. మా ఊళ్ళో ఉప్పెన లేదు, గాలీ వానా. పెంకులు లేచిపోతుంటే తాతయ్య మమ్మల్నందర్నీ ఒకళ్ళ నడుం ఒకళ్ళని పట్టుకోమని, ఎదురింటి మేడలోకి చేర్చాడు. తలలు లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు తిరిగి వెళ్ళి చావిట్లో పశువుల పలుపులన్నీ విప్పేశాడు. కట్టేసి ఉంటే చావిడి కూలినా, నీరొచ్చినా తప్పించుకోలేవు. తెల్లారి చూస్తే చావిడి పడిపోయింది. పశువులన్నీ చెరువుగట్టు మీద నిలబడి ఉన్నాయి. ఆ నాటి పద్దు రెండే మాటలు: "అందరూ ఉన్నారు."

ఇంతకీ ప్రపంచంలో పెద్ద పశువుల కాపులు ఎవరంటే బ్రెజిల్ వాళ్ళని చెప్పాలి. అక్కడి పశువులు ఇరవై కోట్ల పైమాటే. అందులో అధికభాగం మన ఒంగోలు జాతి రక్తమే. 19వ శతాబ్దంలో ఓడలెక్కిన నాటికి ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక, వాళ్ళు ఈ జాతిని "నెలోర్" అంటారు. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గర కరవది గ్రామం నుంచి వెళ్ళిన ఒక కోడె, ఆ ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది. ఉబెరాబా పట్టణంలో అక్కడి పశుపోషకుల సంఘం మేలుజాతి కోడెల తల్లి పేరూ తండ్రి పేరూ నమోదు చేసి ఉంచుతుంది. ఈ సంగతి మావయ్య పేపర్లో చూసి చదివి వినిపిస్తే తాతయ్య అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "వేలకి వేలంటున్నావు, మరి వాటికి కుడితి ఎవరు పెడతార్రా?" అన్నాడు. అమ్మమ్మ లోపల్నుంచి నవ్వింది. "ఎవరో ఒక ఆడది పెడుతుందిలెండి" అంది.

మన దగ్గర మాత్రం ఆ ఎడ్ల పని అయిపోవచ్చింది. ట్రాక్టర్లు వచ్చాయి. తాడేపల్లిగూడెం వెళ్ళే రోడ్డు మీద జోడెడ్ల బళ్ళు తగ్గి, లారీలు పెరిగాయి. పాలకేంద్రాలొచ్చాక ఊరు గేదెల వైపు తిరిగింది. వీటికి తోడు 1970ల చివరినుంచి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వడం మొదలైంది. 1980లలో ఊళ్ళకి ఊళ్ళే తవ్వాయి. నిన్న గొడ్డు మేసిన చోట ఇవాళ గట్టు లేచి, లోపల బొచ్చెలూ శీలావతులూ పెరిగాయి. ఎకరం లీజు డబ్బు వింటే పెద్దవాళ్ళకే కళ్ళు తిరిగేవి. తాతయ్య బీడు కోసం ఎందరో వచ్చారు. మజ్జిగ ఇచ్చి పంపించేవాడు.

ఆ రోజుల్లోనే నాకు విశాఖపట్నంలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టలుకీ పుస్తకాలకీ డబ్బు కావాలి. ఆడపిల్లకి అంత దూరం చదువెందుకని ఇంట్లో తలో మాటా అన్నారు. తాతయ్య ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి బీడు లీజుకిచ్చాడని తెలిసింది. నేను ఏడుస్తూ చావిట్లోకి వెళ్ళాను. "నా కోసం బీడు పోగొట్టావు తాతయ్యా" అన్నాను. ఆయన గడ్డి విదిలిస్తూ, తలెత్తకుండా చెప్పాడు: "పశువుల కోసం ఉంచాను. పశువులే తగ్గిపోయాయి. ఇంక ఆ బీడుతో పనేముందే అమ్మడూ?"

నేను నమ్మాను. పద్దెనిమిదేళ్ళ పిల్లని, నమ్మడం నాకు సుఖంగా ఉంది. రైలెక్కాను, చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. ఇద్దరు పిల్లల్ని చదివించాను.

1999లో కొల్లేరు అభయారణ్యమైంది. ఐదడుగుల కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు పక్షులకీ నీళ్ళకీ వదలాలన్నారు. 2006లో యంత్రాలు తెచ్చి, మందుగుండు పెట్టి చెరువుల గట్లు కొట్టేశారు. లీజుల మీద బతికినవాళ్ళు గగ్గోలు పెట్టారు, వాళ్ళ బాధ వాళ్ళది. కొట్టేసిన వాటిలో మా ఆరెకరాల చెరువూ ఒకటి. నేను వెళ్ళినప్పుడు తాతయ్యని కుర్చీతో సహా ఎత్తి కారులో కూర్చోబెట్టి, అక్కడికి తీసుకెళ్ళాం. చూపు ఆనేది కాదు. తెగిన గట్టు పక్కన తుంగ మొలిచిందని చెప్పాను. "కొయ్యి" అన్నాడు. గుప్పెడు కోసి చేతిలో పెడితే వాసన చూసి, ఇంటికెళ్ళేదాకా పట్టుకునే ఉన్నాడు. ఆ ఏడు కార్తీకంలో పోయాడు. ఊరంతా వచ్చింది. మెట్టనుంచి కూడా ఎవరో ముసలి రైతు వచ్చి, ఓ పక్కగా నిలబడి ఏడ్చి వెళ్ళిపోయాడు. ఆయనెవరో మాకు తెలియలేదు.

ఇప్పుడు పద్దు పుస్తకం చూశాక తెలిసింది. నేను విశాఖ వెళ్ళిన ఏటి పేజీ అది. "పశువులు తగ్గిపోయాయి" అన్నాడే, అప్పటికి చావిట్లో పదకొండున్నాయి. ఒక్కొక్కదాని పేరూ, దాని తల్లి పేరూ రాసి ఉన్నాయి. లీజు కాగితం రాసిన మర్నాడు ఎనిమిదింటిని చింతలపూడి వైపు మెట్ట రైతుకిచ్చాడు. "కబేళాకి ఇవ్వనని ప్రమాణం చేశాడు. నడిపించి నేనే దిగబెట్టి వచ్చాను. మూడు దినాలు" అని ఉంది. అప్పటికి ఆయనకి డెబ్భై అయిదు దాటాయి. బీడు లేకపోతే వాటిని మేపలేడు గనక పశువులు పోయాయి. పశువులు పోయి బీడు పోలేదు. నాకు తిరగేసి చెప్పాడు.

వెళ్ళిన ఎనిమిదింటి పేర్లూ వరసగా ఉన్నాయి. చివర్న మచ్చలావు మనవరాలి పేరు. దాని కిందే, గీత కూడా కొట్టకుండా, అదే సిరాతో, అదే వంకర అక్షరాలతో మరో పద్దు:

"అమ్మడు హాస్టలు చేరింది. కులాసా."