పిల్లల కథకు పుట్టినిల్లు

పిల్లలకు కథ వ్రాయుట సులభమని తలంచువారు మనలో పెక్కండ్రు కలరు. ఒక నక్కను, ఒక కాకిని తెచ్చి, వానిచే నాలుగు మాట లాడించి, తుదను నీతివాక్యము నొకదానిని తగిలించినచో కథ యయ్యెనని వారి యభిప్రాయము. అట్టి కథలను బాలురు చదువుదురు. బడిలో వల్లించి యప్పగింతురు. కాని రాత్రి పరుండునప్పుడు అవ్వ నడిగి మరల మరల చెప్పించుకొనరు. అప్పగించు కథకును, అడిగి చెప్పించుకొను కథకును గల యీ భేద మెందుండి వచ్చినది? పిల్లల హృదయమును పట్టుకొను కథను వ్రాయువానికి స్ఫూర్తి యెచ్చట దొరకును? దీనికి ఊహచే సమాధానము చెప్పుటకంటె, అట్టి కథలను వ్రాసి లోకమున కెల్ల ప్రీతిపాత్రుడైన యొక్కని చరిత్రమును చూచి చెప్పుట మేలని మాకు తోచినది. ఆతడు డెన్మార్కు దేశస్థుడగు హన్స్ క్రిస్టియన్ ఆండర్సను.

ఆండర్సను 1805 వ సంవత్సరము ఏప్రిలు 2 వ తేదీని ఓడెన్సె పట్టణమున జనించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. తల్లి పరుల బట్టలుదికి కూలి తెచ్చునది. తండ్రి బీదవాడయ్యును పుస్తకప్రియుడు. అరేబియా రాత్రుల కథలను కుమారునకు చదివి వినిపించెడివాడు. బొమ్మలాట కొక చిన్న రంగస్థలమును తన చేతులతో చేసి యిచ్చెను. నాయనమ్మ ఊరి ధర్మాసుపత్రి తోటలో పనిచేయుచుండెడిది. ఆమె వెంట బోయిన బాలుడు అచ్చట నూలు వడకు ముసలమ్మల చెంత జేరి, వారు చెప్పు పాతకథలను చెవులప్పగించి వినెడివాడు. 1816 లో తండ్రి మరణించెను. 1819 లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆతడు ఒంటరిగా రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమునకు బోయి నాటకశాలలో నిలద్రొక్కుకొన యత్నించి విఫలుడయ్యెను. జోనస్ కాలిన్ అను సజ్జనుడు రాజసహాయము సంపాదించి 1822 లో బడికి పంపగా, పదునేడేండ్ల యువకుడు తనకంటె ఎంతో చిన్నవారి సరసను గూర్చుండి చదువవలసి వచ్చెను. ఆ బడిలో పడిన అవమానములు ముసలితనమునందును ఆతనికి కలలలో గనబడుచుండెనట!

చదువు ముగించి, దేశాటనము చేసి, ఆండర్సను 1835 లో ఒక నవలను ప్రకటించి పేరు గాంచెను. ఆ వత్సరమే మే నెలలో 'పిల్లలకు చెప్పిన కథలు' అను చిన్న పుస్తకము వెలువడినది. అందున్నవి నాలుగు కథలు. చెకుముకి పెట్టె కథ మొదలగు మూడును చిన్ననాట విన్నవి. నాలుగవది మిత్రుని కూతురగు ఈడా యను పాపకు పువ్వులను గూర్చి చెప్పగా పుట్టినది. పుస్తకము పేరులోని 'చెప్పిన' అను మాటను చదువరులు గమనింపవలెను. ఎదుట గూర్చున్న పాపతో మాటలాడుచున్నట్లే ఆతడు వాక్యములను గూర్చెను. ఆ వాక్యము నడుమ నాగును, ఆశ్చర్యపడును, ఇంటిలోను వీధిలోను వినవచ్చు మాటనే వాడును.

విమర్శకుల కిది రుచింపలేదు. భాష గ్రంథయోగ్యము కాదనియు, కథలలో నీతి లేదనియు 1836 లో ఆక్షేపించిరి. ఇట్టివానిపై కాలము వ్యర్థము చేయవలదని హితవు కూడ చెప్పిరి. విద్యుత్ప్రవాహముచే అయస్కాంతసూచి కదలునని 1820 లో కనిపెట్టిన ఓర్‌స్టెడ్ పండితు డాతని మిత్రుడు. ఆయన మాత్రము నవల ప్రసిద్ధిని తెచ్చును గాని, అమరత్వమును తెచ్చునవి యీ కథలే యని చెప్పెను. కాలము శాస్త్రజ్ఞుని పక్షముననే తీర్పు చెప్పినది.

నీతి లేదన్న యాక్షేపణకు ఆండర్సను కథలే ప్రత్యుత్తరము. 1837 లో వచ్చిన 'చక్రవర్తి క్రొత్త దుస్తులు' అను కథను జూడుడు. దీని మూలము ఆతనిది కాదు. 1335 లో స్పెయిను దేశమున డాన్ హువాన్ మాన్యువేల్ వ్రాసిన కథాసంపుటములోనిది. అందు రాజు దిగంబరుడుగా నున్నాడని పలికినవాడు గుఱ్ఱమును కాచు నల్లజాతి సేవకుడు. ఆండర్సను మొదట వ్రాసిన ప్రతిలో నిజము చెప్పువాడెవ్వడును లేడు. జనులు మెచ్చుకొనుచుండగా ఊరేగింపు సాగిపోవును. అచ్చు చిత్తులు దిద్దునప్పు డాతడు ముగింపును మార్చి, సత్యము నొక పసివాని నోట పలికించెను. ఆ యొక్క మార్పుచే కథ సజీవమైనది. మంత్రులకును పండితులకును లేని ధైర్యము పసివాని కెట్లు వచ్చినది? వానికి పోగొట్టుకొనుటకు పదవి లేదు, దాచుకొనుటకు భయము లేదు. నిజము చెప్పుమని పిల్లలకు బోధించు వాక్య మొక్కటియు ఇందు లేదు. అయినను ఇంతకంటె గొప్ప సత్యబోధ యేది?

ఇక స్ఫూర్తి మాట. 1845 లో ఒక పంచాంగ ప్రకాశకు డాతనికి మూడు పటములను పంపి, అందొకదానికి కథ వ్రాయుమని కోరెను. ఆండర్సను ఎన్నుకొన్నది అగ్గిపుల్లల నమ్ము బీదబాలిక పటము. ఆతని తల్లి చిన్ననాట తలిదండ్రులచే బిచ్చమునకు పంపబడి, చేయి చాపలేక, ఓడెన్సె వంతెన క్రింద గూర్చుండి దినమంతయు ఏడ్చెనట. ఈ సంగతిని ఆతడే స్వీయచరిత్రమున వ్రాసియున్నాడు. ఆ కథ వినుచు పెరిగినవాడు మూడు పటములలో దాని నేల యెన్నుకొనెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1852 లో వ్రాసిన మఱియొక కథ యింతకంటెను మనస్సును గదిలించును. అందొక బీద స్త్రీ మోకాలిలోతు చల్లని యేటిలో నిలిచి బట్టలుదుకుచుండును. చలి కోర్వలేక కొంచెము సారాయి త్రాగును. కుమారుడు సీసాను తెచ్చుచుండగా ఊరి పెద్ద చూచి, నీ తల్లి పనికిమాలినదని దూషించును. ఆమె యేటిలో కూలి మరణించును. ఆమె పనికిమాలినదేనా యని కుమారు డడుగగా, ఎంతయు పనికివచ్చినదని పొరుగు స్త్రీ చెప్పును. ఈ కథ పుట్టిన విధమును ఆండర్సను తెలిపియున్నాడు. చిన్ననాట ఒక యిల్లాలు కిటికీనుండి అట్టి బాలునే యట్టి మాటతో కసరుట ఆతడు విన్నాడు. ఊరివారందఱు ఆమెను సమర్థించిరి. తన తల్లి యొక్కతెయే, ఆ బీదరాలు పడు కష్టమును చలిని వేడి కూటికి లేమిని తలచి, అంత కఠినముగ తీర్పు చెప్పరాదని పలికినదట. ఆ తల్లియు బట్టలుదుకునదే; తుదినాళ్ళలో తానును సారాయికి లోబడి 1833 లో ధర్మసత్రమున మరణించెను. ఆ వార్త కుమారునకు రోమునగరమున నుండగా చేరెను. తల్లి యాడిన యా చిన్నమాట, ఆమె పోయిన పందొమ్మిదేండ్లకు కథయై, ఆమెకే రక్షణవాక్యమైనది.

ఇంత దుఃఖమును పిల్లలకు చెప్పదగునా యని కొంద ఱడుగుదురు. పిల్లలు దుఃఖము నెఱుగరనుట పెద్దల భ్రమ. మన యిండ్ల అంట్లు తోమవచ్చు పనిమనిషి కూతురు గుమ్మము కడ గూర్చుండుటను మన పిల్లలు దినదినము చూచుచునే యున్నారు. చూచినదానిని గూర్చి ఎట్లు తలపవలెనో వారి కెవ్వరు చెప్పుదురు? కిటికీలోని యిల్లాలి మాట వారు వినుట నిశ్చయము; ఆండర్సను తల్లి మాటయు వారికి వినబడవలెను. ఆ పని మంచి కథ చేయును.

ఆండర్సను ఆ కథ వ్రాసిన మఱుసటి యేట, 1853 లో, మదరాసున పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక వెలువడుట చిత్రమైన కాలసామ్యము. శబ్దశుద్ధికిని గద్యశయ్యకును ఆ గ్రంథము మనకు ఒరవడి యైనది. దాని గొప్పతనమునకు కొఱత లేదు. కాని తరువాతివారు దానినుండి నీతిని కఠినభాషను గ్రహించి, బాలుర పుస్తకమనగా ఇట్లే యుండవలెనని నియమించుకొనిరి. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారిక భాషోద్యమము ఆ కట్టు విప్పినది. చింతా దీక్షితులుగారు పిల్లల మాటలతోనే పిల్లల కథలు వ్రాసిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945 లో 'బాల' పత్రికను స్థాపించిరి. 1947 జూలైలో 'చందమామ' ఉదయించి, అవ్వ నోటి తెలుగును అచ్చులోనికి తెచ్చి, తరతరముల పిల్లల నలరించినది. పెద్దల కొఱకైన యిట్టి వ్యాసము గ్రాంథికమున నున్నను నష్టము లేదు. పిల్లల కథకు మాత్రము ఇంటి మాటయే కావలెను.

కావున, పిల్లలకు వ్రాయగోరు సోదరీసోదరులారా, స్ఫూర్తికై దూరదేశములు తిరుగ నక్కఱలేదు. ఆండర్సను ఎన్నో దేశములు తిరిగెను. కాని ఆతని యుత్తమ కథలు ఓడెన్సె యేటి యొడ్డుననే దొరకినవి. 1867 లో ఆ పట్టణము దీపాలంకారములతో ఆతనిని గౌరవించినది; తల్లి కాళ్ళు గడ్డకట్టిన యేఱును ఆ పట్టణముననే పాఱుచుండెను. మీ యింటను అట్టి మాట యొకటి యుండియే యుండును. ఎవ్వరో దూషింపగా మీ అమ్మయో అవ్వయో అడ్డుపడి పలికిన మాట, మీరు పసితనమున విని నేటికిని మఱవని మాట. దానిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఒక బిడ్డను ఎదుట గూర్చుండబెట్టుకొని చెప్పుడు. బిడ్డ మఱునాడు మరల చెప్పుమని యడిగినచో, అప్పుడు కలము పట్టుడు.